మరకు రెండో అంకె

మా ఇంటి అటక మీద రెండు ఇత్తడి మరచెంబులు ఉండేవి. ఒకటి నాయనమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్నది, ఇంకొకటి తాతయ్య కాశీ ప్రయాణానికని కొన్నది. పక్కపక్కన పెడితే కవలల్లా ఉండేవి. ఎత్తు అంతే, మూతి వెడల్పూ అంతే. కానీ దీని మూత దానికి పట్టేది కాదు. అరచుట్టు తిరిగి ఆగిపోయేది. బలవంతంగా తిప్పితే ఒక పక్కకి ఒరిగి కూర్చునేది, అక్కణ్ణుంచి నీళ్లు చెమర్చేవి. అందుకే నాయనమ్మ ఏ మూతని ఆ చెంబుకే ఎర్రదారంతో కట్టి ఉంచేది. రెండు మూతులూ ఒకే వెడల్పు కదా, మూతలెందుకు మారవు అని అడిగితే "దేని మర దానిదే నాన్నా" అనేది.

ఆ మాట నాకు చాలా ఏళ్ల తర్వాత, పాత లెన్సొకటి కొనుక్కున్నాక అర్థమైంది. 58 మి.మీ. రష్యన్ లెన్సు, వెనక మర ఉండి తిప్పి బిగించే రకం. నా కెమెరాకి తగిలించాలంటే నడుమ ఒక రింగు కావాలి. "42 మి.మీ. మర రింగు" అని అడిగి తెప్పించుకున్నాను. వచ్చాక కొలిచి చూస్తే సరిగ్గా 42 మి.మీ. రింగే. లెన్సు పెట్టి తిప్పితే ముప్పావు చుట్టు వెళ్లి బిగుసుకుంది. దుమ్మేమోనని బ్రష్షుతో తుడిచాను, మళ్లీ అక్కడే ఆగింది. చివరికి రెండూ జేబులో వేసుకుని విజయవాడ ఆటోనగర్‌లో తెలిసిన లేతు మేస్త్రి దగ్గరికి వెళ్లాను. ఆయన సొరుగులోంచి రంపపు పళ్లున్న ఉక్కు రేకుల గుత్తి తీసి, ఒక్కో రేకునీ మర మీద ఆనించి వెలుతురుకి ఎత్తి చూశాడు. "డయా ఒకటేనండీ, పిచ్చే వేరు. లెన్సుది ఒకటి, రింగుది ముప్పావు. మీరు మొదటి అంకె చెప్పారు గానీ రెండోది చెప్పలేదు" అన్నాడు.

లెన్సు గొట్టానికి ఫిల్టరు, హుడ్డు, రింగు, స్టాండు తగిలించే ప్రతివాడికీ ఎప్పుడో ఒకప్పుడు ఈ చిక్కు వస్తుంది. మొదటి అంకె అందరికీ తెలుసు, పెట్టె మీద అచ్చయి ఉంటుంది, దుకాణంలో అడిగేదీ అదే. రెండో అంకెను ఎవరూ చెప్పరు, చాలామంది అడగరు. ఆ అంకె ఎక్కణ్ణుంచి వచ్చింది, ఎందుకు ఇన్ని రకాలైంది, ఏది ఎక్కడ వాడతారు అన్నది ఒక్కచోట చెప్పుకుంటే ఉపయోగమని ఈ ప్రయత్నం.

మర అంటే ఏమిటో ముందు చూద్దాం. కాగితాన్ని ఏటవాలు త్రికోణంగా కత్తిరించి పెన్సిలుకు చుడితే, కాగితం వాలు అంచు పెన్సిలు చుట్టూ మెలికలు తిరుగుతూ పైకి పోతుంది. అదే మర. తిరుమల ఘాట్ రోడ్డులా, ఎత్తును నేరుగా ఎక్కకుండా తిరిగి తిరిగి ఎక్కే దారి. ఒక చుట్టు పూర్తయ్యేసరికి ఎంత ఎత్తు ఎక్కామో అది పిచ్. అంటే ఒక గట్టు నుంచి దాని పక్క గట్టుకున్న దూరం. ఇంటర్ ఫిజిక్స్ ల్యాబులో స్క్రూ గేజి పట్టుకున్నవాళ్లందరికీ ఈ మాట పరిచయమే: పిచ్ ఒక మి.మీ., తల మీద 100 విభాగాలు, కాబట్టి ఒక్కో విభాగం 0.01 మి.మీ. లెక్క చేసి మార్కులు తెచ్చుకున్నాం. కానీ ఆ పిచ్, ఇంట్లో సైకిలుకి ఉన్న బోల్టు పిచ్ ఒకే సంగతని మాకెవరూ చెప్పలేదు. ఐటీఐలో టర్నరు కోర్సు చదివిన కుర్రాడికి మొదటి నెలలోనే తెలిసే విషయం, ఇంజనీరింగు పట్టా ఉన్నవాళ్లలో కూడా చాలామందికి చేతికి తెలియదు. ఇది మన చదువుల్లో ఉన్న నిజమైన లోటని నా అభిప్రాయం.

పిచ్ చెప్పే పద్ధతులు రెండు. మీటరు లెక్కలో గట్టుకీ గట్టుకీ మధ్య దూరాన్ని మిల్లీమీటర్లలో చెబుతారు. అంగుళాల లెక్కలో అంగుళం పొడవులో ఎన్ని చుట్లున్నాయో చెబుతారు. ఒకదాన్నుంచి ఇంకొకదానికి రావడం తేలిక: 25.4ను చుట్ల సంఖ్యతో భాగిస్తే మి.మీ. పిచ్ వస్తుంది. అంగుళానికి 20 చుట్లంటే 1.27 మి.మీ. వ్యాసం, పిచ్ కాక గట్టు వాలు కోణం ఉంది, తిరిగే దిక్కు ఉంది. దిక్కు సంగతి ఏ ఊరి సైకిలు షాపులో అడిగినా చెబుతారు. ఎడమ పెడలుకి మర ఎదురు తిరుగుతుంది, లేకపోతే తొక్కే కొద్దీ ఊడి వస్తుంది.

ఇక లెన్సు గొట్టం దగ్గరికి వద్దాం. లెన్సు ముందు అంచు మీద సున్నాకి అడ్డగీత గీసిన గుర్తు, దాని పక్కన 49, 52, 55, 58, 62, 67, 72, 77, 82 వంటి అంకె ఒకటి ఉంటుంది. అది ఫిల్టరు వెనక ఉండే బయటి మర వ్యాసం, మిల్లీమీటర్లలో. కొత్తగా కెమెరా కొన్నవాళ్లు దీన్ని ఫోకల్ లెంగ్తుతో కలగలుపుతారు. 50 మి.మీ. లెన్సుకి 50 మి.మీ. ఫిల్టరు అడిగి ఖాళీ చేతులతో వెనక్కి వచ్చిన పెళ్లి ఫొటోగ్రాఫర్లను చూశాను. ఆ లెన్సుకి కావలసింది 49, 52, 58లలో ఏదైనా కావచ్చు, అంచు మీద రాసినదే ప్రమాణం. ఫిల్టరు ముందు వైపున కూడా అదే కొలత లోపలి మర ఉంటుంది. అందుకే దాని మీద ఇంకొక ఫిల్టరో హుడ్డో ఎక్కించగలం.

ఈ ఫిల్టర్ల పిచ్ మామూలుగా 0.75 మి.మీ. దాదాపు అందరూ పాటిస్తారు కాబట్టే దాన్ని అచ్చు వేయడం మానేశారు. చిక్కు అక్కడే పుట్టింది. చిన్న గొట్టాలకి 0.5 మి.మీ. పిచ్ వాడేవాళ్లున్నారు: లైకా 39 మి.మీ. ఫిల్టర్లు, 40.5 మి.మీ. ఫిల్టర్లు ఆ కోవలోవి. 95, 105 వంటి పెద్ద సైజుల్లో 1 మి.మీ. పిచ్ కనిపిస్తుంది. 0.5 మరలోకి 0.75 మర తిప్పితే మొదట దిగుతున్నట్టే ఉంటుంది. ఫిల్టరు మర లోతు మహా అయితే మూడు నాలుగు చుట్లే కాబట్టి, మొదటి చుట్టులో వచ్చే తేడాని చెయ్యి గుర్తు పట్టేలోపే అల్యూమినియం గట్టు నలిగిపోతుంది.

ఇంత సన్నటి పిచ్ ఎందుకు? బోల్టుల లెక్క చూస్తే తెలుస్తుంది. మెట్రిక్ పట్టికలో 48 మి.మీ. బోల్టుకి మామూలు పిచ్ 5 మి.మీ. గట్టు లోతు పిచ్‌లో సగానికి కొంచెం పైన, అంటే ఆ బోల్టు మీద దాదాపు 2.7 మి.మీ. గాడి పడుతుంది. వంతెన బోల్టు కాబట్టి తట్టుకుంటుంది. అదే మర లెన్సు మీద కోయాలంటే గొట్టం గోడే అంత మందం ఉండదు. 0.75 పిచ్ అయితే గాడి లోతు 0.4 మి.మీ. దగ్గర ఆగుతుంది. పలచని గోడని బతికించడానికి మరని పలచన చేశారన్న మాట. సన్న మరకి ఇంకో సుగుణం, వాలు తక్కువ కాబట్టి అదురుకి తేలిగ్గా వదులు కాదు. దోషమూ ఉంది. గట్టు అంత చిన్నదైనప్పుడు ఒక వెంట్రుకవాసి ఒరిగినా పక్క గాడిలో పడిపోతుంది.

దీనికి పాత స్టూడియోల్లో నేర్పే చిట్కా ఒకటే, దానికి మించినది నాకు కనిపించలేదు. ఫిల్టరును బల్లపరుపుగా ఆనించి మొదట వెనక్కి, అంటే విప్పే దిక్కుకి తిప్పాలి. ఒకచోట చిన్నగా "టిక్" అని దిగుతుంది. రెండు మరల మొదళ్లు ఒకదాని పక్కన ఒకటి చేరాయని దానర్థం. అక్కణ్ణుంచి బిగించే దిక్కుకి తిప్పితే మర తప్పదు. ఇరుక్కున్న ఫిల్టరును పీకేటప్పుడు రెండు వేళ్లతో అంచుని నొక్కి పట్టుకోకూడదు, గుండ్రం కోడిగుడ్డు ఆకారమై ఇంకా బిగుస్తుంది. వెడల్పాటి రబ్బరు బ్యాండు చుట్టి, అరచేత్తో సమంగా పట్టి తిప్పాలి. ఇత్తడి రింగులు అల్యూమినియం వాటికంటే తక్కువ ఇరుక్కుంటాయి. రెండు అల్యూమినియం ముఖాలు రాసుకుంటే ఒకదాన్నొకటి పట్టేసుకునే గుణం ఉంది. బందరు, కాకినాడ వంటి తీరపు ఊళ్లలో ఉప్పుగాలి తోడైతే సంవత్సరంపాటు విప్పని ఫిల్టరు రావడమే కష్టం.

సైజులు కలవనప్పుడు స్టెప్ రింగులున్నాయి. "52–58" అంటే 52 లెన్సు మీద 58 ఫిల్టరు. చిన్న లెన్సు మీద పెద్ద ఫిల్టరు పెట్టడం మంచిది. పెద్ద లెన్సు మీద చిన్న ఫిల్టరు పెడితే బొమ్మ మూలలు నల్లబడతాయి. ఉన్న లెన్సుల్లో అన్నిటికంటే పెద్దదానికి ఒక మంచి ఫిల్టరు కొని, మిగతావాటికి రింగులు వాడుకోవడం డబ్బు కలిసొచ్చే పద్ధతి.

ఫిల్టరు పొరపాటుకి పోయేది ఒక రింగు. లెన్సు వెనక మరలో పొరపాటు చేస్తే బొమ్మే పోతుంది. నా రింగు కథ అదే. 42 మి.మీ. వ్యాసంతో కెమెరాల లోకంలో ముఖ్యంగా రెండు మరలున్నాయి. ఒకటి 1949 ప్రాంతంలో జర్మన్ కెమెరాలతో వచ్చి, తర్వాత పెంటాక్స్, ప్రాక్టికా, రష్యన్ జెనిత్‌ల వల్ల ప్రపంచమంతా పాకినది. దీని పిచ్ 1 మి.మీ. రెండోది టి-మౌంటు. టెలిస్కోపులకి, టెలిఫొటో లెన్సులకి కెమెరా తగిలించడానికి వాడే ఈ మర పిచ్ 0.75 మి.మీ. ఒక్కో చుట్టుకి పావు మి.మీ. తేడా. నాకు వచ్చింది రెండో రకం రింగు.

మేస్త్రి "కావాలంటే రింగు బోరు చేసి మరొకటి కోసిస్తాను" అన్నాడు. కోయించినా లాభం ఉండేది కాదని ఇంటికొచ్చి లెక్క వేసుకున్నాక తెలిసింది. ఇక్కడ మూడో అంకె ఒకటి అడ్డొస్తుంది. లెన్సు భుజం ఆనే చోటికీ ఫిల్ముకీ మధ్య దూరం. 42×1 రకానికి అది 45.46 మి.మీ., టి-మౌంటుకి 55 మి.మీ. తేడా 9.54 మి.మీ. మర ఎలాగో కుదిర్చి బిగించినా నా 58 మి.మీ. లెన్సు ఉండాల్సిన చోటికంటే అంత ముందుకి జరిగి కూర్చుంటుంది. అప్పుడు దూరపు ఫోకసుకి తిప్పినా, లెన్సుకి సుమారు 41 సెం.మీ. దగ్గరున్న వస్తువు మాత్రమే స్పష్టంగా పడుతుంది. పువ్వునో పురుగునో తీసుకోవచ్చు, ఎదురుగా నిలబడ్డ మనిషిని తీయలేం.

39 మి.మీ. మర కథ ఇంకా చిక్కనిది. జర్మనీలో వెట్‌జ్లార్ ఊళ్లో మైక్రోస్కోపులు చేసే లైట్జ్ సంస్థ నుంచి వచ్చింది లైకా కెమెరా. మొత్తం దేశం మీటరు లెక్కలో నడుస్తున్నా, లెన్సు మర మాత్రం 39 మి.మీ. వ్యాసానికి అంగుళానికి 26 చుట్లు, విట్‌వర్త్ అనే ఇంగ్లీషు ప్రామాణిక మర. వ్యాసం మిల్లీమీటర్లలో, పిచ్ అంగుళాల్లో! మైక్రోస్కోపుల లోకం అప్పటికే ఇంగ్లీషు మరకి అలవాటు పడి ఉంది కాబట్టి పనిముట్లు అవే అందుబాటులో ఉన్నాయనుకోవడం సబబు. 26 చుట్లంటే 0.977 మి.మీ. తర్వాత రష్యన్ల తొలి జెనిత్‌లు 39 మి.మీ. వ్యాసాన్నే తీసుకుని పిచ్‌ను నిండుగా 1 మి.మీ. చేశాయి. జపాన్‌లో తొలి కానన్ కెమెరాల్లో ఒక రకం అంగుళానికి 24 చుట్లతో వచ్చింది. చుట్టుకి వెంట్రుకంత తేడా. ఒకదానిలో ఒకటి రెండు మూడు చుట్లు దిగుతుంది కూడా. దిగింది కదా అని చివరిదాకా బిగించేవాళ్ల చేతిలోనే పాత కెమెరాల మరలు పాడయ్యాయి. ఇక్కడా మూడో అంకె ఉంది: లైకాకి 28.8 మి.మీ., జెనిత్ 39కి 45 మి.మీ. పైచిలుకు. 1930లో లెన్సులు మార్చుకునే తొలి లైకాలు వచ్చినప్పుడు ఆ దూరం ఒక్కో కెమెరాకి ఒక్కోలా ఉండేది, ఏ లెన్సు ఆ కెమెరాకే జత. 1931లో 28.8గా స్థిరపరిచాకే ఏ లెన్సైనా ఏ కెమెరాకైనా పట్టింది. అంతవరకు అవీ మా నాయనమ్మ మరచెంబులే.

మరచెంబుల లోకం నుంచి బయటపడటానికి మనిషికి చాలాకాలం పట్టింది. 1800 ప్రాంతంలో లండన్‌లో హెన్రీ మాడ్స్‌లే మర కోసే లేతుని పనిలో పెట్టేదాకా మరలు చాలావరకు చేతి పనే. ఆ లేతు వచ్చాక ఒకే పిచ్ మరని ఎన్నిసార్లయినా కోయవచ్చు. కానీ ఏ పిచ్ కోయాలన్నది ఏ కార్ఖానాకి ఆ కార్ఖానా నిర్ణయం. మాడ్స్‌లే దగ్గర పనిచేసిన జోసెఫ్ విట్‌వర్త్ 1841లో లండన్ సివిల్ ఇంజనీర్ల సంస్థ ముందు ఒక పత్రం చదివాడు. ఇంగ్లండ్‌లోని పెద్ద కార్ఖానాల నుంచి బోల్టులు పోగుచేసి, ఒక్కో వ్యాసానికి వాళ్లు వాడే పిచ్‌ల సగటు తీశాడు. అతని పద్ధతిలో నాకు నచ్చేది ఇదే. కొత్త ఆదర్శం ఒకటి పుట్టించి రుద్దలేదు, అందరికీ కొంత కొంత దగ్గరగా ఉన్నదాన్ని ఎంచాడు. గట్టు కోణం 55 డిగ్రీలు, శిఖరమూ పల్లమూ గుండ్రం. పావంగుళానికి 20 చుట్లు, అరంగుళానికి 12, అంగుళానికి 8. రైళ్లతోపాటు అది బ్రిటన్ అంతా, బ్రిటిష్ రాజ్యమంతా వ్యాపించింది. మన రైల్వే వర్క్‌షాపుల్లోకి వచ్చిన మొదటి ప్రామాణిక మర అదే.

అమెరికాకి అది నచ్చలేదు. 1864లో ఫిలడెల్ఫియాలో విలియం సెల్లర్స్ చెప్పిన అభ్యంతరం పూర్తిగా పనివాడి దృష్టిలోది: 55 డిగ్రీలు కొలవడం కష్టం, గుండ్రటి శిఖరం కోయడానికి పనిముట్లు ఎక్కువ కావాలి. 60 డిగ్రీలు పెట్టి, శిఖరాన్ని చదునుగా కోసేస్తే ఏ మామూలు మేస్త్రి అయినా చేసుకోగలడు. అరంగుళానికి అతను 13 చుట్లు పెట్టాడు. విట్‌వర్త్‌కి 12, సెల్లర్స్‌కి 13. అరంగుళం బోల్టూ అరంగుళం నట్టూ కలవకుండా పోయాయి. 1898లో జ్యూరిచ్‌లో ఐరోపా దేశాలు కూర్చుని మెట్రిక్ మరకి రూపం ఇచ్చాయి, కోణం మాత్రం సెల్లర్స్‌ది, 60 డిగ్రీలు.

పిచ్ తేడాకి మూల్యం ఎంతో 1904 ఫిబ్రవరిలో అమెరికాలోని బాల్టిమోర్ చూసింది. ఊరి నడుమ నిప్పంటుకుంది. వాషింగ్టన్ నుంచి, ఇతర నగరాల నుంచి అగ్నిమాపక దళాలు పరుగున వచ్చాయి. వచ్చినవాళ్ల గొట్టాల కప్లింగులు బాల్టిమోర్ కొళాయిలకి పట్టలేదు. ఒక్కో నగరానికి ఒక్కో మర. మంట 30 గంటలు మండింది, 1,500 దాకా భవనాలు పోయాయి. గాలి, దట్టంగా కట్టిన ఇళ్లు కూడా కారణమే, తప్పంతా మరదే అనడం న్యాయం కాదు. కానీ నీళ్లుండి, గొట్టం ఉండి, మనుషులుండి రెండింటినీ కలపలేక నిలబడటం ఎలా ఉండి ఉంటుందో ఆలోచిస్తే గుండె బరువెక్కుతుంది.

రెండో ప్రపంచ యుద్ధంలో మళ్లీ అదే పాఠం. రోల్స్ రాయిస్ మెర్లిన్ విమాన ఇంజన్ను అమెరికాలో ప్యాకార్డ్ కంపెనీ తయారు చేయాల్సి వచ్చినప్పుడు, బ్రిటిష్ మరలని అలాగే ఉంచడానికి మర కోసే ట్యాపులూ డైలూ తామే చేసుకోవాల్సి వచ్చింది. యుద్ధం ముగిశాక 1948 నవంబరులో అమెరికా, బ్రిటన్, కెనడా వాషింగ్టన్‌లో ఒప్పందం చేసుకుని, అంగుళాల్లోనే 60 డిగ్రీల ఏకీకృత మరని ఒప్పుకున్నాయి. తర్వాత ఐఎస్‌ఓ మెట్రిక్ మర వచ్చింది. ఇవాళ మన దేశంలో ఐఎస్ 4218 అనే ప్రమాణం దాన్నే చెబుతుంది. ఎం6, అంటే 6 మి.మీ. బోల్టుకి 1 మి.మీ., ఎం8కి 1.25, ఎం10కి 1.5, ఎం12కి 1.75. మామూలు పిచ్ అయితే రెండో అంకె రాయనక్కర్లేదు, సన్న పిచ్ అయితేనే రాయాలి. ఈ నియమం బోల్టులకి చక్కగా సరిపోతుంది. లెన్సు గొట్టాలన్నీ సన్న పిచ్‌లే కాబట్టి, ఆ లెక్కన ప్రతి ఫిల్టరు మీదా రెండో అంకె ఉండాలి. లేదు.

పైపుల సంగతి ఒక్క మాటలో చెప్పి వదిలేస్తాను, ఎందుకంటే అది ప్రతి ఇంట్లోనూ ఉంది. అరంగుళం పైపు అని ప్లంబరు అడిగే మరని స్కేలు పెట్టి కొలిస్తే బయటి వ్యాసం దాదాపు 21 మి.మీ., అంటే ముప్పావు అంగుళం కంటే ఎక్కువ. అరంగుళం అన్నది ఒకప్పటి లోపలి బోరు పేరు. మనం వాడేది బ్రిటిష్ పైపు మర, 55 డిగ్రీలు, అంగుళానికి 14 చుట్లు. అమెరికన్ అరంగుళం పైపు మరకి కూడా 14 చుట్లే, కానీ 60 డిగ్రీలు. విదేశం నుంచి తెచ్చిన కుళాయి ఇక్కడి పైపుకి ఎక్కినట్టే ఎక్కి కారుతుంటే కారణం అదే. ఎంత టెఫ్లాన్ టేపు చుట్టినా అది సరైన జత కాదు.

మైక్రోస్కోపు దగ్గర కథ ఆశ కలిగిస్తుంది. లండన్‌లో పందొమ్మిదో శతాబ్దం నడుమ ప్రతి తయారీదారూ తన ఆబ్జెక్టివుకి తన మర పెట్టేవాడు. ఒకరి గొట్టానికి ఇంకొకరి లెన్సు ఎక్కేది కాదు. 1858లో లండన్ మైక్రోస్కోపికల్ సొసైటీ ఒకే మరని నిర్ణయించింది: 0.8 అంగుళం వ్యాసం, అంగుళానికి 36 చుట్లు, విట్‌వర్త్ కోణం. నిర్ణయించడంతో సరిపోలేదు. కోసే పనిముట్లు అరిగేకొద్దీ మరలు మారుతూ వచ్చాయి. 1896లో కొలతలను మళ్లీ కట్టుదిట్టం చేయాల్సి వచ్చింది. అయినా ఆ మర నిలిచింది. ఇవాళ అంబాలాలో తయారై మన జూనియర్ కాలేజీ ల్యాబుకి వచ్చే మామూలు మైక్రోస్కోపు విప్పి చూడండి, 10ఎక్స్ ఆబ్జెక్టివు మీద ఉన్నది ఆ మరే, 20.32 మి.మీ. వ్యాసం, 0.706 పిచ్. పెద్ద లెన్సులు కావాల్సి వచ్చాక కొన్ని కంపెనీలు 25×0.75, 27×0.75 వంటి సొంత మరలకి వెళ్లాయి. పరిశోధనశాలల్లో అడాప్టరు రింగుల డబ్బా అప్పుడే మొదలైంది.

టెలిస్కోపుల్లో ఐపీసు గొట్టానికి పైన మర ఉండదు, జారి కూర్చుంటుంది: 1.25 అంగుళాలు లేదా 2 అంగుళాలు. దాని లోపలి అంచుకి ఫిల్టరు మర ఉంటుంది. చిన్నదానికి 28.5×0.6 అని ఐరోపావాళ్లు రాస్తారు, అంగుళం మీద ఎనిమిదో వంతు వ్యాసానికి అంగుళానికి 42 చుట్లు అని అమెరికావాళ్లు. లెక్క వేస్తే రెండోది 28.575 మి.మీ., 0.605 పిచ్. మామూలుగా కలిసిపోతాయి, అప్పుడప్పుడు ఒకటి కాస్త బిగువుగా వస్తుంది. రెండంగుళాలదానికి 48×0.75. నక్షత్రాలు చూసేవాళ్లు మాత్రం పెట్టెల మీద రెండు అంకెలూ రాసుకుంటారు. వాళ్ల దగ్గర మిగతావాళ్లం నేర్చుకోవాల్సిన అలవాటు అది.

మన వీధుల్లో అన్నిటికంటే ఎక్కువగా ఉన్న లెన్సు మరలు సీసీ కెమెరాలవి. చిన్న బోర్డు కెమెరాలకి 12×0.5. పెట్టె ఆకారంలో ఉండే వాటికి అంగుళం వ్యాసం, అంగుళానికి 32 చుట్లు. ఇది 16 మి.మీ. సినిమా కెమెరాల నాటి సి-మౌంటు. దీన్నే కొద్దిగా మార్చిన సిఎస్-మౌంటులో వ్యాసమూ పిచ్ రెండూ అవే, కానీ దూరం 17.526 నుంచి 12.5 మి.మీ.కి తగ్గింది. సిఎస్ కెమెరాకి సి లెన్సు బిగిస్తే మర హాయిగా పడుతుంది, బొమ్మ మసక. నడుమ 5 మి.మీ. రింగు వేస్తే బాగవుతుంది. అంకెలు రెండు సరిపోయి మూడోది తప్పితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

కెమెరా అడుగున స్టాండుకి బిగించే రంధ్రం మాత్రం ఈ నూరేళ్ల గందరగోళంలో చెక్కుచెదరలేదు. పావంగుళం, 20 చుట్లు. విట్‌వర్త్ పట్టికలోనూ సెల్లర్స్ పట్టికలోనూ పావంగుళానికి 20 చుట్లే కావడం అదృష్టం. కోణం తేడాని వదులు మింగేస్తుంది. పెద్ద స్టాండులకి మూడెనిమిదో వంతు అంగుళం, 16 చుట్లు. మైకు స్టాండుల్లో ఐరోపా రకానిదీ ఇదే మర. అమెరికా రకానికి ఐదెనిమిదో వంతు, 27 చుట్లు. సభ మొదలయ్యే ముందు మైకు ఎక్కక కంగారు పడే కుర్రాళ్లకి కావలసింది ఈ రెంటి నడుమ పెట్టే చిన్న ఇత్తడి బుడిపె. ఇక్కడ ఒక హెచ్చరిక: కెమెరా అడుగు రంధ్రంలో ఎం6 బోల్టు పెట్టకండి. 6 మి.మీ. బోల్టు 6.35 రంధ్రంలోకి మొదట తేలిగ్గానే దిగుతుంది, 1 మి.మీ. గట్లు 1.27 గాడుల్లో ఎక్కడో ఒకచోట మాత్రమే పట్టుకుంటాయి. లక్ష రూపాయల కెమెరా ఆ ఒక్క గట్టు మీద వేలాడుతుంది.

మర బదులు బయొనెట్, అంటే కొద్దిగా తిప్పగానే ఒకేచోట బిగుసుకునే పట్టు, ఎందుకొచ్చిందన్న ప్రశ్నకి జవాబు కూడా పిచ్‌లోనే ఉంది. మర ఎంత తిరిగాక ఆగుతుందో దాని మొదలు ఎక్కడుందన్న దాన్ని బట్టి ఉంటుంది, లెన్సు మీది గీత సరిగ్గా పైకే వస్తుందని హామీ లేదు. లెన్సుకీ కెమెరాకీ మధ్య కడ్డీలు, ఆ తర్వాత విద్యుత్ స్పర్శలు వచ్చాక ఆ హామీ తప్పనిసరైంది. 1959లో నైకాన్ ఎఫ్ బయొనెట్‌తోనే వచ్చింది, 42 మరని ఎంతో నమ్ముకున్న పెంటాక్స్ కూడా 1975లో వదిలేసింది. కానీ ముందు వైపు ఫిల్టరుకి పైకిందులు లేవు, అందుకే అక్కడ మర బతికి ఉంది. పూలరేకుల హుడ్డుకి పైకిందులున్నాయి, అందుకే అది బయొనెట్‌కి మారింది. లెన్సు లోపల మర ఇంకా రాజ్యమేలుతూనే ఉంది. 50 మి.మీ. లెన్సు అనంతం నుంచి ఒక మీటరుకి ఫోకసు మారడానికి 2.63 మి.మీ. ముందుకి జరగాలి. 0.75 పిచ్ మర ఒక్కటే అయితే రింగును మూడున్నర చుట్లు తిప్పాలి. అందుకని గొట్టం మీద ఒకే మర కాక పక్కపక్కన అనేక మరలు మొదలుపెట్టి కోస్తారు. గట్లు సన్నగానే ఉంటాయి, ఒక్క చుట్టుకి దూరం మాత్రం అన్ని రెట్లు జరుగుతుంది. పాత లెన్సు విప్పినవాళ్లు ఏ మొదలు నుంచి విడిపోయిందో గీత గీసుకోకపోతే తిరిగి సరిగ్గా బిగించలేరు.

కొలవడం గురించి. వ్యాసానికి వెర్నియర్ చాలు. బయటి మరకి గట్ల శిఖరాల మీద, లోపలి మరకి గట్ల అంచుల నడుమ కొలవాలి. లోపల కొలిచినది పేరులోని అంకె కంటే కాస్త తక్కువ వస్తుంది, 58 రింగు లోపల 57 పైచిలుకు చూపిస్తుంది, గాబరా పడక్కర్లేదు. పిచ్‌కి మేస్త్రి వాడిన పళ్ల గేజి ఉత్తమం, వెల ఎక్కువ కాదు. మెట్రిక్, అంగుళం రెండు రకాల రేకులూ ఉన్నదే తీసుకోవాలి. వెలుతురుకి ఎత్తి చూసినప్పుడు పళ్ల కింద సందు కనిపించకూడదు. గేజి లేకపోతే మర మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది, అచ్చుపడ్డ గీతల్లో పది ఖాళీల దూరాన్ని కొలిచి పదితో భాగించాలి. ఒక్క ఖాళీని కొలిస్తే 0.7 ఏదో 0.75 ఏదో తేలదు, పది కొలిస్తే 7, 7.5గా విడిపోతుంది. లెన్సు మర అంత పొడవు లేకపోతే ఉన్న నాలుగు ఖాళీలే కొలవాలి. నిస్సందేహమైన పరీక్ష ఇంకోటుంది. పిచ్ తెలిసిన బయటి మరని, తెలియని బయటి మరకి పక్కన ఆనించి వెలుతురుకి పట్టడం. గట్లు గాడుల్లో ఈ కొస నుంచి ఆ కొస దాకా పడితే రెండూ ఒకటే.

అన్నీ మెట్రిక్ చేసేస్తే పోదా అని అడిగేవాళ్లున్నారు. పోదు. స్టాండు మరా మైక్రోస్కోపు మరా అంగుళాల్లోనే కొన్ని కోట్ల వస్తువుల మీద కోసి ఉన్నాయి, వాటిని మార్చడం కంటే పేరు సరిగ్గా చెప్పుకోవడం చవక. అమ్మేవాళ్లు వ్యాసం పక్కన పిచ్, లెన్సు రింగు అయితే దూరం కూడా రాస్తే నూటికి తొంభై చిక్కులు దుకాణంలోనే తీరిపోతాయి. చట్టం ఏమీ అక్కర్లేదు, పెట్టె మీద ఇంకో నాలుగు అక్షరాల జాగా చాలు.

సరైన రింగు, 42×1 రకం, ఆ తర్వాత వారానికి దొరికింది. లెన్సు నాలుగు చుట్లు మెత్తగా తిరిగి భుజం ఆనింది. పాత రింగుని పారేయలేదు. ఇప్పుడు నా రింగుల డబ్బాలో ఒక్కోదానికీ చిన్న అట్టముక్క ఉంది. ఒకదాని మీద "42×1, 45.46", ఇంకోదాని మీద "42×0.75, 55". అట్టముక్కలని కట్టడానికి ఇంట్లో దొరికింది ఎర్రదారమే.